గుంపు వేరు, సంఘం వేరు

ఆడవాళ్లకు ఏం నేర్పాలన్నా ఇప్పుడు ముందుగా ఒక వాట్సాప్ గ్రూపు పెడుతున్నారు. అంగన్‌వాడీ కార్యకర్తలకు ఒకటి, ఆశాలకు ఒకటి, డ్వాక్రా సంఘాల యానిమేటర్లకు ఒకటి, ప్రభుత్వ పాఠశాలల టీచర్లకు మండలానికొకటి, సబ్జెక్టుకొకటి. దానికి తోడు ఒక యాప్, ఒక పోర్టల్, పోర్టల్ నిండా వీడియోలు, వీడియోల చివర ఒక క్విజ్, క్విజ్ చివర ఒక సర్టిఫికెట్. ఈ మొత్తం ఏర్పాటుకి శిక్షణ పత్రాల్లో తగిలిస్తున్న పేరు ‘కమ్యూనిటీ ఆఫ్ ప్రాక్టీస్’. ఆచరణ సమూహం అనుకుందాం. ఒకే పని చేసేవాళ్లు, ఆ పని చేస్తూనే, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే గుంపు అని దానర్థం.

మాట చాలా బాగుంది. బాగుంది కాబట్టే దీని మీద పేచీ పెట్టుకోవాల్సి వస్తోంది. కర్నూలు, కడప జిల్లాల మెట్ట ఊళ్లలో ఆడవాళ్లు ఏ తరంలో ఏది నేర్చుకున్నా ఈ పద్ధతిలోనే నేర్చుకున్నారు. విత్తనం దాచడం, మగ్గానికి నూలు చుట్టడం, పురుడు పోయడం, పొదుపు పుస్తకం రాయడం, సారా దుకాణం ముందు బైఠాయించడం... ఏదీ తరగతి గదిలో కూర్చుని నేర్చుకున్నది కాదు. వాళ్ల దగ్గర ఉన్న ఆ పద్ధతిని ఇవాళ వాళ్ల దగ్గర్నుంచి లాగేసి, దాని పేరు మాత్రం వాళ్ల ఫోన్లకు పంపిస్తున్నారన్నది నా అభియోగం. ఫోన్ మీద నాకు కోపం లేదు. ఆ ఫోన్‌లో ఎవరు మాట్లాడొచ్చు, ఎవరు వినాలి అన్నది ఎవరు నిర్ణయించారన్నదే ప్రశ్న.

ఈ మాట ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం. 1991లో జీన్ లేవ్ అనే మానవశాస్త్రవేత్త, ఎటియెన్ వెంగర్‌తో కలిసి, మనుషులు ఎలా నేర్చుకుంటారన్న విషయం మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించింది. ఇవాళ శిక్షణా సంస్థల సమావేశాల్లో వెంగర్ పేరు వినిపించినంతగా లేవ్ పేరు వినిపించదు. ఇలాంటివి మనకి కొత్త కాదు కదా! లేవ్ అంతకుముందు లైబీరియాలో బట్టలు కుట్టే దర్జీల మధ్య చాలాకాలం పరిశోధన చేసింది. ఆ పుస్తకంలో దర్జీల కంటే ముందు వచ్చే ఉదాహరణ, మెక్సికోలోని యుకటాన్ ప్రాంతపు మాయా మంత్రసానులది. ఆ మంత్రసానులతో కలిసి తిరిగి, వాళ్ల పని చూసి రాసింది బ్రిజిట్ జోర్డన్ అనే మరో స్త్రీ. అంటే విశ్వవిద్యాలయాల నుంచి కార్పొరేట్ కంపెనీల దాకా, అక్కడి నుంచి మన జిల్లా కార్యాలయాల దాకా తిరుగుతున్న ఈ సిద్ధాంతం, ఒక పల్లెటూరి మంత్రసాని పక్కన కూర్చున్న ఆడపిల్ల నుంచి పుట్టిందన్నమాట.

ఆ పిల్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. అమ్మ గానీ అమ్మమ్మ గానీ మంత్రసాని. బాలింతను చూడ్డానికి వెళ్తే వెంట వెళ్తుంది. కావలసిన వస్తువు తెచ్చి అందిస్తుంది. పెద్దవాళ్లు చెప్పుకునే కష్టమైన కాన్పుల కథలు ఒక మూల కూర్చుని వింటుంది. ఏళ్లు గడుస్తాయి. తనకూ పిల్లలు పుట్టాక, ఒకరోజు తనే చెయ్యి వేస్తుంది. మన దగ్గర మంత్రసానులు నేర్చుకున్నదీ ఇలాగే. ఇందులో లేవ్, వెంగర్ పట్టుకున్న కీలకం ఒకటుంది. కొత్తగా వచ్చిన మనిషికి పని అంచున కూర్చునే హక్కు ఉండాలి. ఆ అంచు నుంచి అసలు పని కనబడాలి. నెమ్మదిగా నడిమధ్యకు జరిగే దారి ఉండాలి. ఈ మూడూ లేకపోతే గుంపు ఉంటుంది గానీ నేర్చుకోవడం ఉండదు.

అదే పుస్తకంలో దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా ఇచ్చారు. అమెరికాలో సూపర్ మార్కెట్లలో మాంసం కొట్టే పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాళ్లను, కోసిన మాంసాన్ని ప్యాక్ చేసే యంత్రం దగ్గర నిలబెట్టారు. చెయ్యి తిరిగిన పనివాళ్లు కోస్తున్న చోటు వాళ్లకు కనబడదు. రోజూ పనికి వస్తారు, రోజూ చుడతారు, కొయ్యడం మాత్రం రాదు. శిక్షణ పొందుతున్నారన్న పేరు మాత్రం ఉంటుంది. మన అంగన్‌వాడీ కార్యకర్త చేతిలోని యాప్ చూసినప్పుడల్లా నాకు ఆ ప్యాకింగ్ యంత్రమే గుర్తొస్తుంది.

జోర్డన్ 1989లో ఇంకో మాట రాసింది. యుకటాన్ మంత్రసానులకు ప్రభుత్వం శిక్షణా తరగతులు పెట్టింది. ఉపన్యాసాలు, నిర్వచనాలు, బొమ్మలు, పరీక్షలు. వాటి వల్ల కాన్పు చేసే తీరులో పెద్ద మార్పేమీ రాలేదు. వాళ్లు నేర్చుకున్నదల్లా వైద్యాధికారులు అడిగినప్పుడు వాళ్లకు నచ్చేలా ఎలా మాట్లాడాలి అన్నది. ముప్పై ఏళ్లు దాటిన ఈ పరిశీలన, ఇవాళ్టి మన ఆన్‌లైన్ శిక్షణల గురించి రాసినట్టే ఉంది.

ఇప్పుడు మన చరిత్రకు వద్దాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రి బడి, లాంతరు, పలక. వాచకంలో సారా గురించిన పాఠం. ఆ పాఠం చదివిన, చదవలేకపోయినా విన్న ఆడవాళ్లు దాని మీద మాట్లాడుకున్నారు. మాటలు బడి దాటి వీధిలోకి వచ్చాయి. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వేలం పాటలు ఆగిపోయాయి. ఉద్యమం రాయలసీమ జిల్లాలకూ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసిందనుకోండి, అది వేరే దుఃఖం. నేను చెప్పేది ఏమిటంటే, అక్షరాలు నేర్పడానికి పెట్టిన గుంపు అధికారుల అనుమతి లేకుండానే తన పాఠం తానే రాసుకుంది. నేర్చుకునే సంఘం అంటే అది. దాని గమ్యం ఎక్కడో దాన్ని మొదలుపెట్టినవాడికి ముందే తెలియదు.

కర్నూలు జిల్లా ఓర్వకల్లు సంగతి చూడండి. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కింద ఆ మండలంలో పొదుపు సంఘాలు మొదలయ్యాయి. వారానికి కొన్ని రూపాయలు. అవి కలిసి మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం అయ్యాయి. 2000లో రాష్ట్రంలో ‘వెలుగు’ మొదలయ్యేనాటికే ఇలాంటి చోట్ల ఆడవాళ్లు ఒక పద్ధతి అలవాటు చేసుకుని ఉన్నారు. అందరూ కింద గుండ్రంగా కూర్చోవడం. చదువొచ్చిన ఒకామె పుస్తకంలో లెక్క పైకి చదవడం. చదువు రాని ఆమె తన బాకీ నోటికి చెప్పి తప్పు పట్టుకోవడం. రెండేళ్లు అలా విన్నాక, బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడటం. ఈ పొదుపు సంఘాలు తర్వాత ఏమయ్యాయి, మైక్రోఫైనాన్స్ కంపెనీలు 2010 నాటికి ఆడవాళ్ల మెడకు ఉచ్చు ఎలా బిగించాయి అన్నది మనం ఎన్నోసార్లు రాసుకున్నాం. ఆ విమర్శలో ఒక్క అక్షరమూ వెనక్కి తీసుకోనక్కర్లేదు. కానీ ఆ గుండ్రపు కూర్చోవడంలో ఒక చదువు ఉంది. అది ఎవరూ ఇచ్చింది కాదు.

టీచర్ల విషయంలోనూ ఇంతే. 1980లలో బ్రిటిష్ ఆర్థిక సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, చుట్టుపక్కల కొన్ని బడులకు కలిపి ఒక ఉపాధ్యాయ కేంద్రం ఏర్పాటు చేసింది. టీచర్లు ఏడాదిలో కొన్నిసార్లు అక్కడ కలిసేవారు. ఒకరు పాఠం చెబితే మిగతావారు చూసి మాట్లాడేవారు. గవ్వలతో, చింతగింజలతో కూడికలు చెప్పే ఉపాయం ఒక బడి నుంచి ఇంకో బడికి వెళ్లేది. ఆ సమావేశాల్లో కాలక్షేపం లేదని కాదు. మగ హెడ్‌మాస్టర్లు మాట్లాడుతుంటే కొత్తగా చేరిన ఆడ టీచర్లు టీ కప్పులు అందించిన సందర్భాలూ తక్కువేం కాదు. అయినా అక్కడ ఒక టీచరు ఇంకో టీచరు చేస్తున్న పనిని కళ్లారా చూసింది. అంచున కూర్చునే హక్కు, ఎంత కొంచెమైనా, ఉంది.

ఇప్పుడేముంది? 2017లో ‘దీక్ష’ వచ్చింది. అదే ఏడాది ‘స్వయం’ వచ్చింది. 2020 అక్టోబరులో ‘నిష్ఠ’ ఆన్‌లైన్‌లోకి వచ్చింది. ఈ పేర్లు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. దీక్ష, నిష్ఠ... ఆడవాళ్లకు ఇవి రెండూ పుట్టుకతోనే నేర్పుతున్నారు కదా, మళ్లీ పోర్టల్ ఎందుకు? అంగన్‌వాడీ కార్యకర్తలకు 2023లో మొదలుపెట్టిన పూర్వ ప్రాథమిక విద్యా శిక్షణకు పెట్టిన పేరు ‘పోషణ్ భీ పఢాయీ భీ’. ఆదోని పక్క ఊళ్లో, మూడేళ్ల పిల్లలకు తెలుగులో పాట పాడి ఆడించాల్సిన మనిషికి ఇస్తున్న శిక్షణ పేరు కూడా ఆమె భాషలో లేదు. ఇక కర్నూలు, కడప, నంద్యాల, ఆదోని పట్టణాల ముస్లిం బస్తీల్లో ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే ఆడవాళ్ల సంగతి ఎవరు పట్టించుకుంటారు? వాళ్లకు ఈ పుస్తకాల తెలుగూ పరాయిదే, ఆ ఢిల్లీ హిందీ కూడా పరాయిదే.

‘నిష్ఠ’లో ప్రాథమిక స్థాయి టీచర్లకు 18 మాడ్యూళ్లు పెట్టారు. అవి ఎలా పూర్తయ్యాయో టీచర్లందరికీ తెలుసు, అధికారులకూ తెలుసు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే గట్టు మీద ఫోన్‌లో వీడియో తనంతట తాను నడుస్తుంది. క్విజ్ సమాధానాలు గ్రూపుల్లో తిరుగుతాయి. ఒకరు పూర్తి చేసి మిగతావాళ్లకు పంపుతారు. సాయంత్రానికి సర్టిఫికెట్ల స్క్రీన్‌షాట్లు వరసగా వచ్చి పడతాయి. దీన్ని టీచర్ల బద్ధకం అనడం తేలిక. నేనలా అనను. ఆ మొత్తం ఏర్పాటులో నిజమైన ఆచరణ సమూహం ఉన్నది ఒక్క చోటే, ఆ సమాధానాలు ఒకరికొకరు పంపుకోవడంలో. వాళ్లు కలిసి నేర్చుకున్న ఒకే ఒక విద్య, ఈ తతంగం నుంచి తప్పించుకోవడం. యుకటాన్ మంత్రసానులు నేర్చుకున్నదీ అదేగా!

అంగన్‌వాడీల పరిస్థితి ఇంకా ఘోరం. 2021లో ‘పోషణ్ ట్రాకర్’ వచ్చింది. బరువు, ఎత్తు, హాజరు, పప్పు, గుడ్లు అన్నీ అందులో ఎక్కించాలి. 2025 జూలై 1 నుంచి గర్భిణికి, బాలింతకు ఇంటికిచ్చే సరుకులు ఇవ్వాలంటే ముందు ఆ తల్లి ముఖాన్ని యాప్ గుర్తుపట్టాలి. ఆ ముఖం కార్యకర్తకు తెలుసు, పెళ్లయి ఊళ్లోకొచ్చినప్పటి నుంచీ తెలుసు. ఏ నెలలో రక్తం తక్కువైందో, ఏ రాత్రి మొగుడి చేతి దెబ్బలకు వాచిపోయిందో కూడా తెలుసు. ఆ తెలివిడికి యాప్‌లో గడి లేదు. నెట్‌వర్క్ లేని గుట్ట కింది ఊళ్లో బాలింతను ఎండలో నిలబెట్టి ఫోన్ పైకెత్తి పట్టుకోవడాన్ని డిజిటల్ నైపుణ్యం అంటున్నారు. నేర్చుకోవడానికని ఇచ్చిన సాధనం ఆమెను కాపలా కాసే సాధనం అయింది. ఎవరు ఎన్ని గంటలకు తెరిచారు, ఎవరు ఎక్కించలేదు అన్న జాబితా రోజూ గ్రూపులో పడుతుంది. అందరి ఎదుటా.

ఆ గ్రూపులో ఆమె ఏమైనా అడగగలదా? వాట్సాప్‌లో ఒక చిన్న ఏర్పాటు ఉంది, అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలిగేలా పెట్టుకోవచ్చు. పై నుంచి పెట్టిన చాలా గ్రూపుల్లో మీట అటే తిప్పి ఉంటుంది. అలా లేని గ్రూపుల్లో బొటనవేలు గుర్తు, చేతులు జోడించిన బొమ్మ తప్ప ఇంకేమీ కనబడవు. ‘ఓకే మేడమ్’, ‘డన్ సార్’. మన ఊళ్లలో పెద్దలు కూర్చున్న రచ్చబండ దగ్గర ఆడవాళ్లు దూరంగా నిలబడి వినాలన్న పద్ధతి ఒకటుండేది. రచ్చబండ చదునైపోయి తెర అయింది, నిలబడే దూరం మాత్రం అలాగే ఉంది. దళిత కార్యకర్త అయితే ఆ దూరం ఇంకా పెరుగుతుంది, ఆయాకైతే అసలు గ్రూపులోనే చోటు ఉండదు.

అదే ఆడవాళ్లు ఏం చేయగలరో 2023 డిసెంబరు 12 నుంచి రాష్ట్రమంతా చూసింది. నెలకు కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 రూపాయలతో బతుకుతున్న వాళ్లు 42 రోజులు సమ్మె చేశారు. జనవరి 6న వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వాళ్ల డిమాండ్లకు ఆధారం అయింది. తీర్పు అంటే ఏమిటి, ఎస్మా అంటే ఏమిటి, గౌరవ వేతనానికీ జీతానికీ తేడా ఏమిటి అన్నది సమ్మె శిబిరాల్లో టెంటు కింద కూర్చుని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఫోన్లు అప్పుడూ ఉన్నాయి. కాకపోతే ఆ రోజుల్లో ఎవరు మాట్లాడాలన్నది వాళ్లే నిర్ణయించుకున్నారు. ఏ పోర్టల్ ఇవ్వలేని చదువు అది. దానికి సర్టిఫికెట్‌గా వచ్చినవి షోకాజ్ నోటీసులు!

ఇంకో పక్క, అసలు ఫోన్ ఎవరి చేతిలో ఉంది? 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, ఆమెకు ఫోన్ ఉండటం వేరు. ఆమె ఫోన్‌కి ఆమెకు మాత్రమే తెలిసిన తాళం ఉండటం ఇంకా వేరు. 2017లో కేంద్రం గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ మొదలుపెట్టింది, 2024 మార్చితో అది ముగిసింది. ఇంటికి ఒక్కరికి నేర్పాలన్నది దాని నియమం. స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని కాగితం మీద రాశారు. అయినా ఇంటికి ఒక్కరు అన్నప్పుడే కుటుంబం అంటే ఒకే మనిషి అని, ఒకరికి తెలిస్తే అందరికీ తెలిసినట్టే అని ఒప్పేసుకున్నారు. రేషన్ కార్డు నుంచి పట్టాదారు పాసుపుస్తకం దాకా ఆ లెక్కలో ఆడవాళ్లు ఎక్కడ మిగిలారో మనకు తెలియదా?

2011 జనాభా లెక్కల నాటికి కర్నూలు జిల్లాలో సగం మంది ఆడవాళ్లకు కూడా అక్షరాలు రావు. పడమటి మండలాలైన కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు నుంచి ఏటా కుటుంబాలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. తల్లి కోతలో ఉంటే చంటిపిల్లను ఎత్తుకునేది పదేళ్ల అక్క. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఒక పెద్ద విద్యా కంపెనీ పాఠాలు నింపిన ట్యాబులు ఎనిమిదో తరగతి పిల్లలకు పంచింది. ఆ కంపెనీ 2024 జూలైలో దివాలా విచారణలోకి పోయింది. ట్యాబ్ మంచిదా, పాఠం మంచిదా అన్న చర్చ జరిగింది. ఎనిమిదో తరగతి దాకా రాని పిల్ల గురించి, వచ్చినా సంక్రాంతి తర్వాత బడిలో కనబడని పిల్ల గురించి ఆ చర్చలో ఎవరు మాట్లాడారు? ఎక్కడైనా ఎప్పుడైనా నేర్చుకోవచ్చు అన్నది ఆన్‌లైన్ చదువుల నినాదం. ఎక్కడైనా, ఎప్పుడైనా చాకిరీ చేస్తున్న మనిషికి ఆ మాట ఎలా వినబడుతుంది? ఆమెకు దొరికే ‘ఎప్పుడైనా’ రాత్రి పది తర్వాత, అంట్లు తోమాక.

“అయితే ఫోన్లు వద్దా? ఊరికి బస్సే సరిగా రాని చోట, కాలేజీ నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న చోట, ఇంటి గడప దాటనివ్వని చోట, ఆ తెరే కదా ఆడపిల్లకు కిటికీ?” అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను కిటికీ మూయమనడం లేదు. కిటికీకి చువ్వలు ఎవరు బిగించారో చూడమంటున్నాను. సాధనం ఆడవాళ్ల చేతిలోకి నిజంగా వచ్చిన చోట ఏం జరిగిందో చెప్పే ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి.

పాత కడప జిల్లా రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి వేలమంది ఆడవాళ్లు ఇంటి పనికి కువైట్ వెళ్లారు, వెళ్తున్నారు. కొత్తగా వెళ్లినామె అక్కడ వంటింటి అరబ్బీ నేర్చుకునేది, సేఠ్ ఇంట్లో జీతం ఆపితే ఎవరికి చెప్పుకోవాలో తెలుసుకునేది ఎక్కువగా ముందు వెళ్లిన మన ఊరామె దగ్గరే. ఒకప్పుడు శుక్రవారం సెలవు దొరికితేనే ఆ మాటలు. ఇప్పుడు ఐమోలో, వాట్సాప్‌లో, గొంతు సందేశాల్లో. రాయడం రాకపోయినా పరవాలేదు. రాత్రి దుప్పటి కింద చెవి దగ్గర పెట్టుకుని వింటే చాలు. ఆ యజమానులు కోపం వస్తే మొదట లాక్కునేది ఫోనే అని తిరిగొచ్చినవాళ్లు చెబుతారు. దాని విలువ వాళ్లకు బాగా తెలుసు. ఏ శిక్షణా సంస్థా ఈ చదువును లెక్కలోకి తీసుకోలేదు. ఆచరణ సమూహం, డిజిటల్ సాధనం ఈ రెండు మాటలకూ ఇంతకంటే మంచి అర్థం నాకు తెలియదు.

కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ కూడా ఒక పాఠం చెబుతుంది. పదో తరగతి మార్కులతో, ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు వెసులుబాటుతో, పల్లెటూరి ఆడపిల్లలు అక్కడికి వచ్చారు. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు, పాఠాలు తెర మీద చెప్పారు. ఘనత ల్యాప్‌టాప్‌కే కట్టబెట్టారు. హాస్టల్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లకు అక్కడ నీళ్లు మోసే పని లేదు, తమ్ముణ్ణి ఎత్తుకునే పని లేదు, సాయంత్రం రొట్టెలు కాల్చే పని లేదు. అర్థం కాకపోతే పక్క మంచం మీది పిల్లను అడగొచ్చు. అలాంటి చోట్ల కష్టాలు లేవని కాదు, ఒంటరితనం లేదని కాదు. కానీ తీరిక, తోడు ఈ రెండూ ఉన్నప్పుడే తెర చదువు చెబుతుంది. అదే యంత్రాన్ని ఆ పిల్ల ఇంటికి పంపి చూడండి! 2020 మార్చి తర్వాత బడులు మూసేసి, పాఠాలు దూరదర్శన్‌కీ ఫోన్లకీ మార్చినప్పుడు మనం చూసింది అదేగా.

ప్రకృతి వ్యవసాయంలో సగం దారి నడిచిన ఉదాహరణ ఉంది. వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచే పద్ధతి మన సీమ మెట్ట నేలల్లో ఈ కొద్ది ఏళ్లలో పాకింది. అది ఎక్కువగా పాకింది ఆడవాళ్ల సంఘాల ద్వారానే. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతిలో భాగం కూడా దక్కింది. ఊరి రైతుల చేతే చిన్న వీడియో తీయించి, సంఘం సమావేశంలో గోడ మీద వేసి, మధ్యలో ఆపి మాట్లాడుకునే పద్ధతి కూడా ఈ రాష్ట్రంలో వాడారు. నాకు అందులో నచ్చింది వీడియో కాదు, ఆపడం. ‘మా చేను ఎర్రనేల, అట్ల కాదు’ అని ఒకామె అన్నప్పుడు వీడియో ఆగిపోతుంది, సంఘం మొదలవుతుంది. అయితే ఏ వీడియో తీయాలో, ఏది పంపాలో, భూమి తన పేరున లేని ఆ ఆడ రైతు ఏ సమస్యను చెప్పకూడదో అన్నది ఇప్పటికీ పై నుంచే నిర్ణయమవుతుంది.

మిగతా సగం దారి జహీరాబాద్ ఆడవాళ్లు నడిచి చూపించారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చాలామంది అక్షరాలు రానివాళ్లు, కెమెరా పట్టారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పాటైంది. 2008 అక్టోబరులో మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. బీటీ పత్తి మోసాన్ని వాళ్లే చిత్రించారు, వాళ్లే చూపించారు. తమ భాషలో, తమ యాసలో, తమకు కావలసిన చోట కెమెరా ఆపి. దేన్ని పాఠం అనాలో వాళ్లే నిర్ణయించారు. ఆ పని జరిగి ఇరవై ఏళ్లయింది. అంటే ‘ఆడవాళ్లకు టెక్నాలజీ రాదు కాబట్టి పై నుంచి నేర్పాలి’ అన్న వాదన ఇరవై ఏళ్ల కిందటే ఓడిపోయింది. అయినా ప్రతి కొత్త యాప్‌తో పాటు ఆ వాదన మళ్లీ లేచి వస్తూనే ఉంది.

ఇక రచయిత్రులం, అధ్యాపకులం అయిన మన సంగతి. 2020 తర్వాత మన సాహిత్య సభలన్నీ జూమ్‌లోకి మారాయి. అమెరికా నుంచి ఆదోని దాకా ఒకే తెర మీద కూర్చోవడం సంతోషమే. గడప దాటలేని ఎందరో ఆ తెర వల్లే మొదటిసారి తమ కవిత తమ గొంతుతో చదివారు, అది చిన్న విషయం కాదు. కానీ ఈ-సర్టిఫికెట్ల వెబినార్లు, ప్రమోషన్ మార్కుల కోసం చేరే ఆన్‌లైన్ కోర్సులు ‘నిష్ఠ’ కంటే ఏ విధంగా మెరుగు? మైకులు మూసి పెట్టి ముగ్గురు మాట్లాడితే మూడు వందల మంది వినడం రచ్చబండ కాక మరేమిటి? ఆశా వర్కరు డైరీని, అంగన్‌వాడీ కార్యకర్త రిజిస్టరును, కువైట్ నుంచి వచ్చిన గొంతు సందేశాన్ని రచన అని, జ్ఞానం అని ఒప్పుకోవడానికి మనం సిద్ధమేనా? 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఎవరైనా రాయగలిగిన చోటు. అక్కడ స్త్రీల గురించి, స్త్రీలు రాసినవి ఎన్ని? కర్నూలు, కడప ఆడవాళ్ల మీద మన పరిశోధనలు విశ్వవిద్యాలయాల బీరువాల్లో ఉన్నాయి. ఆ ఆడవాళ్లు వినగలిగే రూపంలో ఎన్ని ఉన్నాయి?

కాబట్టి పేచీ ఇక్కడితో ఆపకుండా కొన్ని మాటలు గట్టిగా అడుగుదాం. శిక్షణ గంటలు పని గంటలే, వాటికి కూలి కట్టాలి. పని కోసం తప్పనిసరి చేసిన ఫోన్, డేటా ఖర్చు పని ఇచ్చినవాళ్లే భరించాలి. నేర్చుకునే చోటును నిఘా చోటుతో కలపకూడదు, హాజరు వేసే యాప్‌లో పాఠం పెట్టకూడదు. అడ్మిన్ పదవి వంతులవారీగా పనిచేసేవాళ్లకే రావాలి, ఆ మీట వాళ్ల చేతిలో ఉండాలి. పాఠం ఏ భాషలో, ఏ యాసలో ఉండాలో వినేవాళ్లు చెప్పాలి. ఇంటికి ఒక్కరు కాదు, ఇంట్లో ఉన్న ప్రతి ఆడమనిషీ లెక్కలోకి రావాలి. వీటన్నిటికంటే ముందు, నెలకొక్కసారైనా పనిచేసేవాళ్లు మొహాలు చూసుకుని కింద కూర్చునే సమావేశం కావాలి. తెర ఆ సమావేశానికి తోడుగా ఉండొచ్చు, దాని చోటు ఆక్రమించకూడదు.

వీటిలో ఏదీ కొత్త టెక్నాలజీ అడగడం లేదు. అధికారం కొంచెం కిందికి దిగమని మాత్రమే అడుగుతున్నాం. ఆ కొంచెమే ఎవరికీ ఇష్టం లేదు. ప్రశ్నలు అడిగే గుంపు నెల్లూరులో ఏం చేసిందో పై వాళ్లకు బాగా గుర్తుంది. మనమే మరిచిపోతున్నాం. మందిని ఒక చోట చేర్చి నోరు మూయిస్తే అది గుంపు. ఆ మందిలో ఒకామె లేచి ‘ఇది మాకెందుకు?’ అంటే, పక్కామె ఆమెకు వంత పాడితే, అప్పుడు అది సంఘం. మన ఆడవాళ్లకు సంఘం కట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. కట్టుకున్నదాన్ని గుంపుగా మార్చకుండా ఉంటే చాలు.